ముప్పై అయిదో పేరు

మంగళవారం పదకొండు గంటలు. హసన్‌పర్తి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో నర్సు పద్మలత ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఒళ్లో రిజిస్టరు. అందులో ముప్పై నాలుగు పేర్లు, అందరూ డిప్రెషన్‌కు మందులు వాడుతున్నవాళ్లే. వారం వారం వాళ్లను తొమ్మిది ప్రశ్నలు అడిగి మార్కులు వేయడం ఆమె పని. మార్కులు పెరిగితే ప్రమాదం. ప్రతి మంగళవారం వీడియోకాల్‌లో అవి చూసి మందు మార్చడం హైదరాబాద్‌లో ఉండే డాక్టరు పని.

ఈ వారం తెరమీదికి కొత్త డాక్టరు వచ్చింది. పేరు లావణ్య.

"ముందు కొత్తవాడలో ఉండే మొగిలయ్య. మళ్లీ మగ్గం ఎక్కుతున్నాడా సిస్టర్?"

"జర ఆగుండ్రి మేడం. ముందుగాల ఒక కొత్త పేరు రాసుకోవాలె." చెబుతుంటేనే పద్మలత కళ్లు నిండాయి. "ఇరవై ఏడింటికి ఇరవై రెండు మార్కులు. తొమ్మిదో ప్రశ్నకు అవునన్నడు."

చచ్చిపోవాలని అనిపిస్తోందా? అదీ తొమ్మిదో ప్రశ్న.

లావణ్య ముందుకు వంగింది. "ఇప్పుడెక్కడున్నారు?"

"దవాఖానల. ఇప్పుడు ఫికర్ లేదు. మొన్న ఆదివారం మనసు ఆగక నేనే ఫోన్ చేసిన. ప్రశ్న పూర్తిగాకముందే జవాబు చెప్పుకుంట పోయిండు. వాళ్ల తమ్ముడు వచ్చేదాక నేను ఫోన్ పెట్టనియ్యలే. 'నా పేరు గూడ రాసుకోండి సిస్టర్' అన్నడు."

"ప్రాణం కాపాడారు. మరి ఏడుపెందుకు?"

మూడు నెలలుగా ఆ మనిషి చిక్కిపోతుంటే పద్మలత కళ్లారా చూసింది. గడ్డం పెరిగింది. పేర్లు మరిచిపోయాడు. ఒకసారి కళ్లు తుడుచుకుంటుంటే, చూసి కూడా రిజిస్టరులో తల దూర్చింది. ముప్పై నలుగురిని నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా అని గుచ్చి గుచ్చి అడిగిన నోరు ఆయన దగ్గర మాత్రం పెగల్లేదు. ఏమనుకుంటాడోనని మొహమాటం. పాడు మొహమాటం! ఇంకో రెండు రోజులైతే నిండు ప్రాణాన్ని మింగేదే.

"వారం వారం ముఖం చూసిన మేడం. ఒక్కనాడన్న మీరెట్లున్నరని అడగలే."

"తప్పంతా మీ నెత్తిన వేసుకోకండి. పేరు చెప్పండి, రాసుకుంటాను. ఏ ఊరాయన?"

పద్మలత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పోయిన మంగళవారం దాక మీ జాగల కూసోని, వీళ్లందరికి మందులు రాసిన మన శ్రీకాంత్ సారే మేడం."