పిట్స్‌బర్గ్ బేరం

“టాంపా వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు,” అంది లోరెట్టా తలుపు తోసుకుని వస్తూనే. “ఇద్దరు కుర్రాళ్ళని ఇస్తారట. ఇద్దరూ బంగారం. పైగా మూడేళ్ళు కొత్త ఆటగాళ్ళని ముందుగా ఎంచుకునే హక్కు మనకే వదిలేస్తారట. ఇంకేం కావాలి వెర్నన్?”

వెర్నన్ స్ట్రౌడ్ కిటికీలోంచి మంచు కేసి చూస్తున్నాడు. బఫెలో బాస్కెట్‌బాల్ జట్టుకి ఆటగాళ్ళని తేవడం, మార్చుకోవడం, వదిలించుకోవడం ఆయన పని. లోరెట్టా ఆయనకి కుడిభుజం. మధ్యాహ్నం మూడింటికి మార్పిళ్ళ గడువు ముగుస్తుంది. ఈలోగా డేరియస్ టాలివర్‌ని ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యాలి. వేసవిలో ఒప్పందం అయిపోగానే ఈ ఊరికో దణ్ణం అని టాలివర్ టీవీలోనే చెప్పేశాడు. ఇప్పుడు మార్చుకుంటే పనికొచ్చేవాళ్ళు వస్తారు. ఆగితే చేతికి చిప్పే. జట్టు యజమాని కార్బీ అయితే పొద్దున్నే మొహం మీద చెప్పాడు, వాడికి తగ్గ సరుకు రాకపోతే ఈ ఆఫీసులో ఒక్కరు కూడా మిగలరని.

“టాంపా వాళ్ళ షరతులేంటి?”

“అదే కదా చెప్తున్నా, ఏమీ లేవు! వైద్య పరీక్ష కూడా అక్కర్లేదట. ఇవాళ విమానం ఎక్కిస్తే శనివారం ఆడించేస్తారట.”

“వద్దని చెప్పు.”

లోరెట్టాకి ఒళ్ళు మండింది. ఆట టేపులు చూసే చీకటి గదిలోంచి ఈ కుర్చీ దాకా ఎన్ని తిట్లు తిని వచ్చిందో ఆవిడకే తెలుసు. ఈయన పిచ్చికి తన నోటి దగ్గర కూడు కూడా పోయేలా ఉంది.

“పోనీ కాన్సస్ సిటీ? బుట్ట కింద కాపుకాసే తాడిచెట్టంత ఆటగాణ్ణి ఇస్తున్నారు. వాళ్ళ డాక్టరుతో కూడా గొడవ లేదు. చెయ్యి కలిపి ‘కులాసానా’ అన్నాడంటే పరీక్ష అయిపోయినట్టే.”

“వద్దు. పిట్స్‌బర్గ్ ఏమంటోంది?”

లోరెట్టా నవ్వేసింది. “పిట్స్‌బర్గా! మోకాళ్ళు అరిగిపోయిన ముసలి గుర్రాన్ని ఒకణ్ణి అంటగడతారట. పైగా అక్కడ ఆ డాక్టర్ ప్రూయిట్ ఉందిగా, మహాతల్లి! నిరుడు ఇద్దర్ని తిప్పి పంపింది. దేవుడు దిగొచ్చినా పరగడుపున రక్తం ఇచ్చి వెళ్ళమంటుంది. రేపు ఆవిడ కాదందనుకోండి, బేరం రద్దు. గడువు దాటిపోయాక మనవాణ్ణి ఇంకెవరు తీసుకుంటారు?”

“పిట్స్‌బర్గ్‌కే ఖాయం చెయ్యి.”

ఆవిడ నోరు తెరిచేలోపు టాలివరే వచ్చాడు, భుజాన సంచీతో. పొద్దున సాధన అయినట్టుంది, ఇంకా ఆయాసపడుతున్నాడు.

“ఏం పెద్దాయనా, నన్ను ఎవరికి కట్టబెట్టావు?”

“కూర్చోరా. ఒక్క ఏడాది ఆట మానేసి విశ్రాంతి తీసుకోకూడదూ? నీ వయసెంతని?”

“మళ్ళీ అదే పాట!” టాలివర్ పగలబడి నవ్వాడు. “లోరెట్టా, చూశావా? ఈయన నన్ను వదల్లేక చస్తున్నాడు. ఇల్లాలు పుట్టింటికి పోతానంటే ఒంట్లో బాలేదనే మొగుడు ఈయన!”

స్ట్రౌడ్ నవ్వలేదు. వాడి ముఖంలోకి చూసి తల దించుకున్నాడు.

లోరెట్టాకి క్రిస్మస్ ముందు రోజుల సంగతి గుర్తొచ్చింది. సాధనలో టాలివర్ ఉన్నట్టుండి నేల మీద కూలబడ్డాడు. స్ట్రౌడ్ పరుగున వెళ్ళి వాడి మణికట్టు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. జట్టు డాక్టరు, అంటే కార్బీ బావమరిది, వచ్చి చూసి పొద్దున ఏమీ తినలేదని తేల్చాడు. కార్బీ ఆ ముచ్చట అక్కడితో ముగిసిందన్నాడు. మర్నాడు టాలివర్ మామూలుగానే ఆడాడు. కొడుకులా చూసుకున్నవాడు వెళ్ళిపోతానంటే ప్రేమ ఇలాగే కక్షగా మారుతుంది కాబోలు.

టాలివర్ వెళ్ళాక ఆ మాటే అడిగేసింది. “వాడు పొమ్మనకుండానే పోతున్నాడని, పగబట్టి ఆ పాడు జట్టుకి తోస్తున్నారు. అవునా?”

“అలాగే అనుకో.”

“వాడి మీద కోపానికి మా అందరి నోట్లో మట్టి కొడతారా? మీకసలు మనసుందా?”

స్ట్రౌడ్ గోడ కేసి తిరిగాడు. గోడకి మేకు మీద ఒక పాత బూట్ల జత వేలాడుతుంటుంది. తాళ్ళు ముడి వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఎవరైనా అడిగితే, తనతో ఆడిన కర్టిస్‌వి అంటాడు. వాడు ఒక రోజు ముందే ఆట మానాల్సింది అంటాడు. అంతకుమించి చెప్పడు. ఇప్పుడూ వాటినే చూస్తూ, “ఫోన్ చెయ్యమ్మా, టైమైపోతోంది,” అన్నాడు.

చేసింది. సాయంత్రానికి ఊరు ఊరంతా భగ్గుమంది. స్ట్రౌడ్ కారు అద్దం ఎవరో పగలగొట్టారు. రేడియోలో ఒకాయన ఏడుస్తూ మరీ తిట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం పిట్స్‌బర్గ్ నుంచి ఫోన్ వచ్చింది. లోరెట్టా తీసింది. పెట్టేసి స్ట్రౌడ్ వైపు తిరిగింది.

“అయిపోయింది వెర్నన్. ప్రూయిట్ తిప్పికొట్టింది. బేరం రద్దు. ఎందుకో చెప్పట్లేదు, టాలివర్‌ని ఆస్పత్రి నుంచి కదలనివ్వనందట. నేను చెప్తూనే ఉన్నాను! ఇప్పుడు మన గతేంటి?”

రెండో ఫోన్ మోగింది. కార్బీది. స్ట్రౌడ్ దాన్ని మోగనిచ్చాడు. కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు అదిరిపోతున్నాయి. ఉద్యోగం పోయినందుకు ఏడుస్తున్నాడనుకుంది లోరెట్టా. ఎంత కోపం ఉన్నా జాలేసింది. దగ్గరికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళిచ్చింది.

ఆయన తలెత్తి, గోడ మీది బూట్ల కేసి చూస్తూ అన్నాడు:

“వీడి గుండెనైనా ఆగకముందే పట్టేసుకుంది, మహాతల్లి!”