ఆదివారం లెక్క

"సార్ వచ్చారు, స్టూలు ఖాళీ చెయ్యండ్రా!" సుభానీ కేకేశాడు.

చాపల మీద ఇరుక్కుని కూర్చున్న జనం ఇంకాస్త ఇరుక్కున్నారు. కరెంటాఫీసు ఇంజనీరు సంజీవరావు చేతిసంచి ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. పొదిలి అవతల ఈ పల్లె మొత్తానికీ టీవీ ఉన్నది సుభానీ ఇంట్లోనే.

"ఇవాళైనా తేలుద్దా సార్?"

"చూడాలి."

హైదరాబాదులో కంప్యూటరొకటి అంచనా వేసింది. ఏ ఊరు ఏ వేళకి ఎంత కరెంటు వాడుతుందో కాగితాల మీద అచ్చుగుద్ది పంపింది. ఆదివారం సాయంత్రం, టీవీలో సినిమా వేళకి, ప్రతి ఊళ్లోనూ వాడకం పెరగాలని దాని లెక్క. అన్ని ఊళ్లూ బుద్ధిగా దాని మాట విన్నాయి. ఈ పల్లెలో మాత్రం దీపాలు పెట్టే ఆ వేళకే వాడకం తగ్గిపోతోంది. అదెందుకో కనుక్కోమని సంజీవరావుని పంపారు.

మొదటి ఆదివారం అతను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బిగించిన మీటరు చూశాడు, ఊరంతా కలియతిరిగాడు. తరవాతి వారం తీగల మీద అనుమానం అన్నాడు. మొన్నటి వారం ఫ్యూజులు అన్నాడు. కంప్యూటర్‌కే అంతుపట్టనిది మనిషికి తట్టాలంటే టైం పట్టదూ మరి!

సుభానీ భార్య ఖుర్షిదా టీ గ్లాసు అందించింది. "చక్కెర తక్కువేశానన్నయ్యా, మీకు ఎట్టా కావాలో అట్టాగే. ఇంట్లో వంటెవరు చేస్తారు మీకు?"

"ఆవిడ పోయాక హోటలే అమ్మా."

తెర మీద ఎవరో హిందీలో గర్జించారు. "ఇల్లొదిలి పొమ్మంటన్నాడు వాళ్ల నాన్న," సుభానీ అందరికీ తెలుగులో చెప్పాడు.

"అయ్యో పాపం," అన్నాడు సంజీవరావు, అందరితో పాటు.

"టెస్టర్ తియ్యరా సార్?"

"సినిమా అవనీ. మధ్యలో లేస్తే లెక్క తప్పుతుంది."

అప్పుడే లైన్‌మన్ మార్కు సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు. "సార్, పైఆఫీసు నించి డి.ఇ. గారు ఫోన్ చేశారు. ఇంకా తేలలేదా అని మండిపడతన్నారు. ఊళ్లోవాళ్లే మీటరు తిప్పేస్తన్నారంట. రేపు విజిలెన్సు వాళ్లొచ్చి ఇల్లిల్లూ సోదా చేస్తారంట, కనెక్షన్లు పీకేస్తారంట."

సుభానీ టీవీ గొంతు తగ్గించాడు. "మేం ఏ పాపం ఎరగం సార్."

"ఈ టీవీ వల్లయితే రేపే అమ్మేస్తాం అన్నయ్యా," అంది ఖుర్షిదా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

సంజీవరావు గ్లాసు కింద పెట్టాడు. తెర వంక ఒకసారి చూసి మార్కు వైపు తిరిగాడు.

"మార్కూ, తేలిపోయిందని చెప్పు డి.ఇ. గారికి."

"ఏందండీ అది?"

"వెంకటరావమ్మా, మీ ఇంట్లో లైటు ఆర్పేసి వచ్చావా?"

"ఆర్పకుండా ఎట్టా వస్తాను నాయనా?" అంది ముందు వరసలోని ముసలామె.

"ఊరంతా అంతే. ఇళ్లన్నీ చీకటి, వెలిగేది ఈ టీవీ ఒక్కటే. ఇంటింటా టీవీ ఉంటుందనుకుంది కంప్యూటర్. ఊరంతా ఒకే ఇంట్లో కూర్చుంటుందని దానికెవరూ చెప్పలేదు."

అందరూ గొల్లుమని నవ్వారు.

"ఇన్ని వారాలు తిరిగి భలే పట్టేశారు సార్!" అన్నాడు సుభానీ. "ఐతే విజిలెన్సు వాళ్లు రారుగా?"

"రారు. ఇంక ఎవరూ రానక్కర్లేదు."

ప్రాణాలు కుదుటపడి జనం మళ్లీ సినిమాలో పడ్డారు. సంజీవరావు సంచి పట్టుకుని లేచాడు. గడప దాటి వెనక్కి చూస్తే స్టూలు మీద అప్పుడే ఇంకెవరో కూర్చున్నారు.

స్కూటర్ మీద సబ్‌స్టేషన్ క్వార్టర్స్‌కి చేరాడు. లైటు వేసి మంచం మీద కూలబడ్డాడు. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. వచ్చే ఆదివారం ఈ వేళకి ఎక్కడికి వెళ్లాలో అతనికి తోచలేదు.

పల్లెలో వాడకం ఎందుకు తగ్గుతోందో అతనికి మొదటి ఆదివారమే తెలుసు.