పితాంగా ఉన్నంతకాలం

“ఈటె దేనికిరా అదెల్మో? మొసలితో పెళ్ళిచూపులకా?” అన్నాడు జోజిమో, పడవ తాడు విప్పుతూ.

రేవులో నలుగురూ నవ్వారు. అదెల్మో నవ్వలేదు. ఈటె పడవలో పడేసుకుని తెడ్డు అందుకున్నాడు. ఈవేళ తేలిపోవాలన్నాడు. పితాంగా ఇంకా సరస్సులో ఉంటే చూపించాలి. లేకపోతే ఊరి ఒట్టు తీరిపోయినట్టే, పెద్దవల వేసేస్తానన్నాడు. రెండేళ్ళుగా చిన్న గాలాలతో పట్టిన చేప తన పిల్లల పళ్ళ సందులకి కూడా చాలడం లేదట.

జోజిమో మేనకోడలు ఓజానా వచ్చి మావయ్య పడవలో కూర్చుంది.

పితాంగా ఎద్దుచేప. పేరుకే చేప. గడ్డి మేస్తుంది, పిల్లకి పాలిస్తుంది, ఊపిరికి పైకొస్తుంది. అలా పైకొచ్చినప్పుడే ఎవడో దాని తల్లిని ఈటెతో పొడిచాడు. గడ్డిలో దిక్కులేకుండా తిరుగుతున్న పిల్లని ఓజానా తెచ్చుకుని, రేవు పక్క మడుగుకి కంచె కట్టి, సీసాతో పాలు పట్టి పెంచింది. పడవ అంచు మీద వేళ్ళతో తడితే చాలు, దున్నపిల్లంత ఒళ్ళేసుకుని వచ్చేసేది. ఓజానాయే తట్టక్కర్లేదు, ఎవరు తట్టినా వచ్చేది.

పెద్దదయ్యాక పట్నం నించి జంతువుల డాక్టర్లొచ్చి, దాని తోక మొదట్లో ఓ పట్టీ కట్టి సరస్సులో వదిలారు. జోజిమోకి ఒక పెట్టె ఇచ్చారు. పట్టీ దగ్గరపడే కొద్దీ పెట్టె టిక్కుటిక్కుమంటుంది. ఆ రోజే ఊరంతా చర్చిలో ఒట్టేసింది. పితాంగా సరస్సులో ఉన్నంతకాలం అక్కడ ఈటె ఎత్తం, పెద్దవల వెయ్యం. నీళ్ళ కింద కదిలేది మన పిల్లో పరాయిదో పైనున్నవాడికేం తెలుస్తుంది?

అలా పితాంగా పుణ్యమా అని పరాయివీ బతికాయి. బెదిరి వెళ్ళిపోయిన ఎద్దుచేపలు ఒకటొకటిగా తిరిగొచ్చాయి.

జోజిమో పొద్దున్నే పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళేవాడు. వచ్చి కబుర్లు చెప్పేవాడు. పితాంగా ఎగువ గడ్డి మేసిందనీ, తన చుట్ట కంపుకి మూతి తిప్పుకుందనీ. పాద్రీగారి టోపీలో కప్పని పెట్టిన మనిషి మాట కదా, ఊరు సగం నమ్మేది, సగం నవ్వేది. ఓజానా మాత్రం ఆ కబుర్ల దగ్గర నిలబడేది కాదు. అప్పుడప్పుడు మావయ్య వెంట వెళ్ళేది. వచ్చేటప్పటికి కళ్ళు వాచి ఉండేవి. కడుపున పుట్టకపోయినా పెంచిన ప్రేమ అలాంటిది అనుకునేవాళ్ళు ఆడవాళ్ళు.

వరదకి మునిగిన అడవిలోకి పడవలు తిరిగాయి. పెట్టె ముందు నిదానంగా, తరవాత గబగబా కొట్టుకుంది. సగం మునిగిన చెట్టు దగ్గర ఊపిరాడనట్టు మోగింది.

“ఇక్కడే. పడుకుని ఉంటుంది, గోల చెయ్యకండి,” అన్నాడు జోజిమో.

అదెల్మో పొడుగుకర్ర తీసి నీళ్ళలోకి దించబోయాడు. ఓజానా తెడ్డు ఆ కర్రకి అడ్డం పడింది.

“కర్ర తియ్యి.”

“సరే తీశాను. నువ్వు పెంచిన పిల్లే కదా, తట్టు. ఉంటే వస్తుంది.”

“తట్టను.”

“ఏం?”

“ఎవరు పడితే వాళ్ళు తడితే రావడం మంచిది కాదు. ఆ అలవాటు చేసిన పాపం నాదే.”

లేనిదాన్ని ఎలా రప్పిస్తుందిలే అని వెనక పడవలో ఎవరో గొణిగారు. ఓజానా మావయ్య వైపు చూసింది. ముసలాయన పెట్టె మోత ఆపేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“తట్టవే అమ్మా,” అన్నాడు చివరికి.

ఓజానా కళ్ళు మూసుకుని పడవ అంచు మీద తట్టింది.

నీళ్ళు కదల్లేదు. మళ్ళీ తట్టింది. ఎక్కడో ఒక పిట్ట అరిచి ఊరుకుంది. అదెల్మో చెయ్యి ఈటె వైపు వెళ్ళింది.

అప్పుడు, కాస్త అవతల గడ్డి పాయలు విడిపోయాయి. నల్లటి మూతి పైకొచ్చింది. బుస్సున ఊపిరి వదిలి, గుండ్రటి వీపు చూపించి, నెమ్మదిగా దిగిపోయింది.

మగవాళ్ళు టోపీలు తీసేశారు. ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది.

“పిలిస్తే దగ్గరికి రాలేదు మరి,” అన్నాడు అదెల్మో, గొంతు తగ్గించి.

“పెళ్ళయ్యాక మీ అమ్మ పిలిస్తే నువ్వెళ్ళావా?” అన్నాడు జోజిమో.

ఈసారి అదెల్మో కూడా నవ్వాడు. ఈటెని పడవ అడుక్కి తోసేశాడు. తప్పు పట్టొద్దని ఓజానాని బతిమాలాడు. ఒట్టు ఒట్టేననీ, పితాంగా ఉన్నంతకాలం తన వల ఇంటి చూరు దిగదనీ అందరి ముందూ చెప్పాడు. ఓజానా వెక్కివెక్కి ఏడుస్తోంది. బిడ్డని చూసుకున్న సంతోషం, ఏడవనివ్వండని పడవలు తిప్పుకుని వెళ్ళిపోయారు.

తెడ్ల చప్పుడు దూరమయ్యాక జోజిమో టోపీతో మొహం తుడుచుకున్నాడు.

“ఎన్నాళ్ళు మావయ్యా ఇలా?”

“నేనున్నన్నాళ్ళు నేను. తరవాత నువ్వు.”

ఓజానా వంగి, చెట్టు మొదట్లో మోచేతి దాకా నీళ్ళలోకి చెయ్యి పెట్టింది.

ఎవరో దొంగచాటుగా వేసిన వలలో చచ్చిన పితాంగా తోక నించి నిరుడు విప్పిన పట్టీ, వేరుకి కట్టింది కట్టినట్టే ఉంది.