మధ్య పేరా

"బాబూ, ఈ పేపర్లు నిజంగా జర్మనీకే వెళ్తాయా?"

హాజరు పట్టీలో సంతకాలు పెట్టిస్తున్న గుమాస్తా తలెత్తాడు. ఎదురుగా అరవై దాటిన ఆవిడ. చేతిలో గుడ్డసంచి, ముక్కు మీద దారంతో కట్టిన కళ్ళజోడు.

"అక్కడికే వెళ్తాయి మామ్మగారూ. జర్మన్ పరీక్ష అక్కడివాళ్ళు కాక మనం దిద్దుతామా?"

"ఎవరో ఒకరు కూర్చుని మొత్తం చదువుతారుగా?"

"చదవకుండా మార్కులెలా వేస్తారండీ? వచ్చిన ప్రతిసారీ ఇదే అడుగుతారు!"

వరండాలో నిలబడ్డ కుర్రకారు కిసుక్కుమంది.

"మామ్మగారు అక్కడ కొత్త కాపురం పెడతారేమోరా!" అన్నాడొకడు.

బెంచీ మీద కూర్చున్న నర్సుకి నవ్వు రాలేదు.

పరీక్షలో వినడం, చదవడం, మాట్లాడడం ఆమె ఎప్పుడో గట్టెక్కింది. రాయడం దగ్గరే రెండుసార్లు బోల్తాపడింది. ఫార్మల్ లెటర్ అనేసరికి చెయ్యి కొయ్యబారిపోతుంది. ఇది మూడోసారి. నెలాఖరులోగా పాసైన కాగితం పంపకపోతే తనకిస్తామన్న ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని జర్మనీలోని ఆసుపత్రివాళ్ళు రాశారు. ఇక్కడి నర్సింగ్ హోమ్‌లో రాజీనామా ఇచ్చి కూర్చుంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మామ్మగారు వచ్చి ఆ బెంచీ మీదే కూర్చుంది.

"ఏం పని చేస్తావమ్మా?"

"నర్సుని."

ఆవిడ కాస్త దగ్గరికి జరిగింది.

"అయితే నీకు తెలుస్తుంది. మంచాన పడ్డవాళ్ళు ఆఖరి ఘడియలో ఏమడుగుతారే తల్లీ?"

"పరీక్ష పూట ఇవేం మాటలండీ!" నర్సు విసుగ్గా నోట్సు తిప్పింది. "నీళ్ళడుగుతారు."

"ఇస్తారా?"

"పక్కన ఎవరైనా ఉంటే ఇస్తారు."

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

నర్సు నోట్సు మూసి నుదురు కొట్టుకుంది. "ఒక్క ముక్క గుర్తుండి చావట్లేదు. మొదలెలా పెట్టాలో కూడా మర్చిపోయాను."

మామ్మగారు సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. గుండ్రటి చేతిరాతలో జర్మన్ ఉత్తరం. ఒక్క కొట్టివేత లేదు.

"ముందు గౌరవంగా పలకరించాలి. మనమెవరమో చెప్పుకోవాలి. ఏం కావాలో సూటిగా అడగాలి. నలభయ్యోసారి రాస్తున్నా సరే, మొదటిసారి రాసినంత మర్యాదగా రాయాలి. కోపం ఉంటే మనలోనే ఉండాలి. కాగితం మీద పడకూడదు."

"అబ్బ! మా మాస్టారి కంటే బాగా చెప్పారు."

"మొత్తం చదువు తల్లీ. మధ్య పేరాయే ముఖ్యం."

"మధ్యది ప్రశ్నని బట్టి మారిపోతుంది మామ్మగారూ. తలా తోకా కంఠతా పట్టేస్తే చాలు, మిగతాది ఈదేస్తాను."

ఆవిడ ఏదో చెప్పబోయింది, కానీ నర్సు అప్పటికే మొదటి, చివరి వాక్యాలు వల్లెవేస్తోంది. ఈలోగా గంట కొట్టారు. నర్సు కాగితాన్ని బ్యాగులోకి తోసి, బ్యాగుని గది బయట పడేసి లోపలికి పరిగెత్తింది.

'మీరు కొన్న బట్టలుతికే మెషిన్ వారానికే పాడైంది. కంపెనీకి ఉత్తరం రాయండి.'

తల గుర్తుంది. తోక గుర్తుంది. మధ్యలో మెషిన్‌ని కూర్చోబెట్టింది. మూడోసారికి కలం నడిచింది.

ముందు వరసలో మామ్మగారు ప్రశ్నకాగితం తిప్పనైనా లేదు. అది బోర్లా ఉండగానే రాయడం మొదలుపెట్టింది. పావుగంటలో ముగించి చేతులు కట్టుకుని కూర్చుంది.

ప్రశ్న చూడకుండానే జవాబా! ఈవిడ పాసైనట్టే, అనుకుంది నర్సు.

మూడు వారాలకి ఫలితాలు వచ్చాయి. నర్సు పాసైంది. రాతలో ఆ బ్యాచీ మొత్తానికి ఆమెవే ఎక్కువ మార్కులు.

"ఇక విమానం ఎక్కడమే!" అన్నాడు గుమాస్తా కాగితం మీద స్టాంపు వేస్తూ.

"మామ్మగారి సంగతేమైందండీ?"

"రాతలో సున్నా. ఇది ఐదోసారి. అడిగిందొకటి, రాసిందొకటి అని పక్కన రాసి మరీ పంపుతారు పాపం వాళ్ళు. వింటేగా ఆవిడ!"

"మళ్ళీ ఎప్పుడొస్తారు? ఆవిడ కాగితం నా దగ్గర ఉండిపోయింది."

గుమాస్తా స్టాంపు పక్కన పెట్టాడు.

"ఇంక రారమ్మా. నిన్న వాళ్ళ తమ్ముడొచ్చి చెప్పాడు. ఒక్కతే ఉండేదట. రెండ్రోజులు పాల ప్యాకెట్లు గుమ్మంలోనే పడుంటే, పాలబ్బాయి చూసి పక్కవాళ్ళని పిలిచాట్ట."

నర్సు వరండాలోకి వచ్చింది. అదే బెంచీ మీద కూర్చుని బ్యాగులోంచి కాగితం తీసింది. పరీక్ష రోజు తర్వాత ఆ మడతలు ఆమె విప్పనేలేదు.

తల చూసింది. గౌరవనీయులైన అమ్మలకు, అయ్యలకు. తోక చూసింది. మీ జవాబు కోసం ఎదురుచూస్తూ. ఈ రెండూ ఆమెకి నిద్రలో లేపినా వచ్చు.

మధ్య పేరాకి వచ్చింది. ఒక ఆసుపత్రి పేరు, వార్డు నంబరు, ఒక తేదీ. ఆ తర్వాత ఇలా ఉంది:

'ఈ ఆసుపత్రికి నలభై ఉత్తరాలు రాశాను. అందింది అని అచ్చు కాగితం వస్తుంది, అంతే. పరీక్ష పేపరైతే మీరు చదివి తీరాలి కనక ఇందులో రాస్తున్నాను. పై తేదీన ఆ వార్డులో, కిటికీ దగ్గరి మంచం పక్కన ఎవరైనా ఉన్నారా? ఆఖరున ఏమైనా అడిగిందా? దయచేసి దీనికి మార్కులు వేయకండి. మీ దేశంలో నర్సుగా పనిచేస్తూ ఆ మంచం మీదే పోయిన పిల్లకి తల్లిని, ఒక్క జవాబు రాయండి.'