మిషన్ కింద మూడు క్యూబులు

ఈశ్వరమ్మ మేడం మొదటి సిమెంటు క్యూబును మిషన్‌లో పెట్టి బిగించింది. మేస్త్రీ సోమ్లా తలకున్న రుమాలు తీసి చేతుల్లో నలపడం మొదలుపెట్టాడు.

కోదాడలోని ఆ యూనివర్సిటీ ల్యాబ్ అందరిదీ. సూర్యాపేట నుంచి, మిర్యాలగూడ నుంచి కూడా కాంట్రాక్టర్లు ఇనుమూ, ఇటుకలూ, క్యూబులూ మోసుకొచ్చేది అక్కడికే. ఆ మిషన్ దగ్గర ఎవరి పలుకుబడీ నడవదు. సూది ఎంత చూపిస్తే అంతే. ఆ అంకె నేరుగా జిల్లా ఇంజనీరుకు పోతుంది.

ఆ రోజు వంతు అనంతగిరి దగ్గరి తండా బడిది. స్లాబుకు వాడిన కాంక్రీటు మాలుతోనే క్యూబులు పోసి, ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో ఉంచి తేవాలని రూలు. పోసింది సోమ్లానే. జూన్‌లో ఆ స్లాబు కింద అరవైమంది పిల్లలు కూర్చుంటారు. అందులో అతని మనవరాలు నీలా కూడా ఉంది.

కాంట్రాక్టర్ వీరయ్యకు మాత్రం ఏ చింతా లేదు. కాలు మీద కాలేసుకుని చాయ్ తాగుతున్నాడు.

"ఎంత బరువు మొయ్యాలె మేడం?" సోమ్లా అప్పటికి మూడోసారి అడిగాడు.

"ముప్పై నాలుగు టన్నులు. ఆలోపే పగిలితే స్లాబు కూలగొట్టి మళ్ళీ పోయాల్సిందేనండి."

"గంత పరేషాన్ ఏందిరా? నీ చేతుల మీద నీకే నమ్మకం లేదా?" వీరయ్య నవ్వాడు.

సోమ్లా నవ్వలేదు. పెదాలు మాత్రం తండా దేవుడు సేవాలాల్ పేరు తలుచుకుంటున్నాయి.

మిషన్ మూలిగింది. సూది కదిలింది. ఐదు. పది. పద్నాలుగు. క్యూబు చెక్కుచెదరలేదు. పదిహేడు. సోమ్లా ఇక చూడలేక కళ్ళు మూసుకున్నాడు.

ఫట్‌మని శబ్దం.

"పంతొమ్మిది," అంది ఈశ్వరమ్మ.

వీరయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. రెండోది పద్దెనిమిదికే పగిలింది. మూడోది పదిహేడుకు. ఈశ్వరమ్మ రిజిస్టర్లో రాసి సంతకం చేసింది.

సోమ్లా గోడవారగా కూలబడ్డాడు. రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. ముప్పై ఏళ్ళుగా మేస్త్రీ పని చేస్తున్నాడు. ఇన్నేళ్ళూ అతని చేతి పనికి ఎవరూ వంక పెట్టింది లేదు.

వీరయ్య అతణ్ణి రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళాడు.

"నన్ను నిలువునా ముంచినవ్ గదరా! ఇయ్యాల్టి సంది నా పనిల అడుగు పెట్టకు. అసలు ఆ క్యూబుల్ల ఏం పోసినవ్?"

సోమ్లా కళ్ళు తుడుచుకుని తలెత్తాడు.

"క్యూబులకని మీరు సాటుగ ఇచ్చిన మంచి సిమెంటు బస్తా నేను ఇప్పనే లేదు పటేలా, స్లాబుకు మీరు పోయించిన మాలే వాటిల గూడ పోసిన."