లాగుడు కేక

"ఇప్పుడు వినండి మామ్మగారూ. మీ గుసగుస పైకొచ్చింది, కేక కిందికి దిగింది. అంతా సమానం!" పాటలో హెచ్చుతగ్గుల్ని సమం చేసే కంప్రెసర్ మీట తిప్పి గర్వంగా అన్నాడు గున్నేశ్వరరావు. కాకినాడలో ముప్పయ్యేళ్లుగా మైకులు మోస్తున్నా అతన్ని మెచ్చుకున్న పాపాన ఎవరూ పోలేదు. ఈవిడైనా మెచ్చుకుంటుందని ఆశ.

ఒడ్డున వల లాగే జట్టుకి ఈ మామ్మ, మరిడమ్మ, నలభై ఏళ్లు పాట పాడింది. ఇక రోజూ పాడడానికి గొంతు సహకరించడం లేదు, అందుకే ఇతని దగ్గర పాట రికార్డు చేయించింది. రేపటి నుంచి జట్టు ఫోన్లో ఈ పాట పెట్టుకునే లాగాలి.

"నున్నగా ఉంది నాయనా. ఏదీ, లాగి చూద్దాం."

మూలనున్న పెద్ద స్పీకరు పెట్టెకి పాత వైరు కట్టి, అతన్నీ పట్టుకోమంది. పాట మోగింది. అతనొక్కడే లాగాడు. పెట్టె కదల్లేదు.

"తొందరపడ్డావు. చేపలు ఇంటికెళ్లిపోయాయి."

మళ్లీ మోగింది. ఈసారి ఆవిడ లాగింది, అతను దిక్కులు చూశాడు.

"అంతా ఒకేలా ఉంటే ఎప్పుడు లాగాలో ఎలా తెలుస్తుందండీ?" విసుక్కున్నాడు.

మరిడమ్మ బోసినోటితో నవ్వింది.

అతని చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్లింది. కేక ఫోన్లో బొంగురుపోకుండా కాస్త అణిచి, మిగతాదంతా ఆవిడ పాడినట్టే వదిలేసి మళ్లీ పెట్టాడు.

గుసగుస సాగింది. ఇద్దరూ ఊపిరి తీసుకున్నారు. కేక లేచింది. పెట్టె జర్రున జారి కాళ్ల దగ్గరికొచ్చింది.

"పండుగప్ప చేపే పడింది!" అంది మరిడమ్మ. "పర్లేదు, జట్టులోకి పనికొస్తావు."