బెళుగుప్ప చుక్కాని

"నాకు చుక్కాని కావాల."

బస్సు దిగి నేరుగా వడ్రంగి సోమప్ప కొట్టంలోకి వచ్చిన ముసలాయన అన్న మొదటి మాట అది.

సోమప్పకు నవ్వొచ్చింది. అది పందొమ్మిది వందల అరవై ఆరో సంవత్సరం. రెండేళ్లుగా వాన మొహం చాటేసింది. బెళుగుప్పలో తాగడానికి నీళ్లు లేవు, ఈయనకేమో పడవను తిప్పే చుక్కాని కావాలట!

"ఏమప్పా, దావ తప్పినావా? ఈడ పడవలు యాడుండాయి?"

"తెరచాప పడవలు మద్రాసులో ఉండాయిలే. చుక్కాని మాత్రం ఈడనే చెయ్యాల. ఆడ గాలిలోనే తడి. కొయ్యకు జిగురు పూస్తే నాలుగు నెలలకే ఊడొస్తాది. ఇంత ఎండిన గాలి నాకు యాడా దొరకలేదు."

కరువును మెచ్చుకున్న మనిషిని సోమప్ప చూడటం అదే మొదలు.

ఆయన పేరు యేసన్న. పుట్టింది విడపనకల్లులో. చిన్నప్పుడే కరువుకు మద్రాసు పోయాడట. వెంట టేకు బద్దలు, గాజునారతో నేసిన తెల్లబట్ట ఒక చుట్ట, డబ్బా నిండా జిగురు తెచ్చాడు.

సోమప్ప కాదనలేదు. ఎద్దులే అమ్ముకున్న ఊళ్లో నాగలి చేయించుకునేదెవరు? నెలాఖరుకు కొట్టం మూసేసి, భార్య హనుమక్కతో బెంగుళూరుకు మట్టిపనికి పోదామనుకున్నాడు; ఆ మాట యేసన్నకూ చెప్పాడు. మూడు తరాల వడ్రంగం తనతోనే ఆగిపోతోందన్న దిగులు మాత్రం అన్నం సయించనివ్వడం లేదు.

పని మొదలైంది. బద్దలను ఒకదానిమీద ఒకటి అతికించి, బిగించి, ఆరాక చేప పొట్టలా నున్నగా చెక్కాలి. పైన గాజుబట్ట చుట్టి జిగురు పూయాలి. అది ఆరాక మరో చుట్టు. మొత్తం నాలుగు.

చేసేది సోమప్ప. చెప్పేది యేసన్న. ఉలి ముట్టడు, రంపం ముట్టడు. వంకలు మాత్రం గంపెడు.

చెక్కిన కొయ్యకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని, అటూ ఇటూ రాసేవాడు.

"ఏంది యేసన్నా, ముద్దు పెట్టుకుంటాండావా?"

"ఈడ మిట్ట ఉండాది. మళ్లా చిత్రిక పట్టు."

"నా కంటికి కనపడలేదే!"

"నీళ్లకు కనపడతాది."

హనుమక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమె వడ్డించిన సంకటిని పొగలు పోకముందే ముద్ద చేసేవాడు యేసన్న.

"చెయ్యి కాలదా పెద్దాయనా?"

"అలవాటులేమ్మా."

మూడుసార్లు మళ్లీ చెక్కించాడు. నాలుగోసారి చెంప తీసి, "ఇప్పుడుండాది పని" అన్నాడు. ఆ ఒక్క మాటకు సోమప్ప కళ్లు చెమ్మగిల్లాయి. తన పనిని ఒకరు మెచ్చుకుని ఎంతకాలమైందో!

మర్నాడు పొద్దున్నే గాజుబట్ట మొదటి చుట్టు వేసి ఆరబెట్టారు. మధ్యాహ్నం యేసన్న అరుగుమీద కునుకు తీశాడు.

ఎండ మండిపోతోంది. సోమప్పకు భయం పట్టుకుంది. కొత్త బండిచక్రాన్ని ఇట్లాంటి ఎండకు వదిలేస్తే నెర్రెలిస్తుంది. తడిగోనె కప్పడం వాళ్ల నాయన నేర్పిన మొదటి పాఠం. ఇంట్లో ఉన్న కడవ ఎత్తి గోనెపట్ట తడిపాడు. బిడ్డకు దుప్పటి కప్పినట్టు చుక్కానికి కప్పాడు.

యేసన్న లేచి గోనె ఎత్తేసరికి గాజుబట్ట తెల్లగా ఉబ్బి, పొరలా ఊడివచ్చింది.

"ఎవరు తడిపింది?"

"నేనే. కొయ్య నెర్రెలియ్యకూడదని."

"ఈ నీళ్లు యాడివి?"

"తాగేటివే," అంది హనుమక్క. "రెండు మైళ్లు పోయి తెచ్చినా. ఇంట్లో ఉండేది అదొక్క కడవే."

యేసన్న ఖాళీ కడవకేసి, ఊడిన బట్టకేసి చూశాడు. ఆ చూపు సోమప్పకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. సిగ్గు కాస్తా కోపమైంది.

"గట్టున కూసోని చెప్పడం ఎవరికైనా వస్తాది! ఒక్కనాడన్నా ఉలి పట్టినావా? బేరగానివి నువ్వు. పనోని బాధ నీకేం తెలుస్తాది?"

యేసన్న చిన్నగా నవ్వాడు. పాడైన చుక్కానిని చంకన పెట్టుకున్నాడు.

"బెంగుళూరు పోవద్దు సోమప్పా. కబురు చేస్తా."

ఆ మాట సోమప్ప నమ్మలేదు. హనుమక్క నమ్మింది. నెల రోజులు చూద్దామని మొండికేసి, మూట కట్టనివ్వలేదు.

నెల తిరక్కముందే మద్రాసు నుంచి లారీ వచ్చింది. టేకు బద్దలు, గాజుబట్ట చుట్టలు, జిగురు పీపాలు. ఏడాదికి సరిపడా పని. వెంట వచ్చిన పడవల వర్క్‌షాపు మేస్త్రీ, ఇకమీదట చుక్కానులు ఇక్కడే చేయాలని, సోమప్పే చేయాలని యేసన్న మాటగా చెప్పాడు. తెలియనిది నేర్పడానికి తాను నెల రోజులు ఉంటానన్నాడు.

"పాడు చేసినోనికి పనిచ్చినాడా! యాడుండాడు ఆయన? కాళ్లు పట్టుకోవాల నేను."

"పోయిన ఆదివారం కాలం చేశారు."

నవ్వుకు అడ్డం పెట్టుకునే కొంగును హనుమక్క కళ్లకు అద్దుకుంది.

"చాన్నాళ్లుగా ఒంట్లో బాగాలేదు. ఆ పాడైన చుక్కానిని మంచం పక్కనే పెట్టించుకున్నారు. తాగే నీళ్లు పోసి కొయ్యను కాపాడుకునే మనిషి దొరికాడు, మిగతాది ఎవరైనా నేర్పొచ్చు అని చివరిదాకా అదే మాట."

సోమప్ప ఏడ్చేశాడు. "ఉలి పట్టనోనివి అన్నానే ఆయన్ని! బేరగానివి అన్నానే!"

మేస్త్రీ అతని భుజంమీద చెయ్యి వేశాడు.

"మా పడవల చుక్కానులన్నీ ఆయన ఒక్కరే చెక్కినవి అన్నా, ఆ జిగుర్లకు వేళ్లలో స్పర్శ చచ్చిపోయాక, తన పని అప్పజెప్పడానికి రెండు చేతులు వెతుక్కుంటూ రెండేళ్లు ఊరూరా తిరిగారు."